కొండ పాదము నుండి కొల్లేటి గట్టు వఱకు: ఫాల్గుణమున ఒక నడక

గడచిన నెల మా గ్రామ సంఘ సమావేశమున ఎలుకల బాధను గుఱించి చాల ప్రొద్దు చర్చ జరిగినది. మెట్టనున్న రైతులు పామాయిలు గెలలను ఎలుకలు కొఱికి పాడుచేయుచున్నవనిరి. భీమడోలు దిగువను పల్లపు భూములు కౌలుకు చేయువారు దాళ్వా దుబ్బులు రాత్రికి రాత్రి తెగిపడుచున్నవనిరి. సంఘము పక్షమున ఎలుకలమందు టోకున తెప్పించి, అప్పు ఖాతాలో వ్రాసి, సభ్యులకందఱకు పంచవలయునని ఒక తీర్మానము వచ్చినది. ప్రొద్దుపోయినందున అది వచ్చు సమావేశమునకు వాయిదా పడినది. ఆనాడు నేను నోరు మెదపలేదు. మెదపకుండుటకు కారణము కలదు. దానిని దిగువ చెప్పెదను.

అయినను ఈ వ్యాసము మందును గుఱించినది కాదు. ఫాల్గుణ శుద్ధమున ఒకనాడు నేనును మా మేనల్లుడును ద్వారకా తిరుమల కొండ పాదము నుండి బయలుదేరి, సాయంకాలమునకు కొల్లేటి గట్టు చేరి, త్రోవలో చూచిన జంతుజాలమును గుఱించినది. ఆ నడకకు మూలము ఒక బుస. మా పొలము గట్టున తలపోయిన తాటిమోడు ఒకటి యున్నది. పిడుగు పడి దాని మొవ్వ మాడిపోయి పదేండ్లయినది. రాత్రులందు ఆ మోడులోనుండి పాము బుసకొట్టుచున్నదని మా పాలేరు చెప్పగా మేనల్లుడు భయపడి, దానిని కొట్టించి ఇటుకబట్టీవానికి అమ్మివేయ నిశ్చయించినాడు. బేరము కూడ కుదిరినది. నేను, “ఒక్కరోజు ఆగుము అబ్బాయీ! రేపు నాతో నడచి రమ్ము. ఎటులను మన పొలము మీదుగానే పోవుదుము గదా” అంటిని. అతడు కాదనలేక వచ్చినాడు.

మేము బయలుదేరునప్పటికి ఇంకను చీకటి విడలేదు. కొండమీద దేవాలయమున దీపములు మినుకు మినుకుమనుచున్నవి. కోతులు మెట్లప్రక్క చెట్లలో మేలుకొని ఒకదానినొకటి గసరుకొనుచున్నవి. మామిడితోటల నుండి పూత వాసన గాలిమీద వచ్చుచుండెను. కోకిల అప్పటికే కూయుచున్నది. కూయునది మగపక్షి, నల్లనిది. పెంటి గోధుమవన్నె చుక్కలతో ఉండి, మాటుమణగి తిరుగుచు, అదను చూచి కాకిగూటిలో గ్రుడ్డు పెట్టిపోవును. తన బిడ్డను పరులచేత పెంచుకొను ఈ పక్షిని మన కవులు ఎంత పొగడినను, కాకినడిగిన వేఱొక మాట చెప్పును. ఒక మఱ్ఱిమీద కంసాలి పిట్ట టుక్కు టుక్కుమని సుత్తె మోపినట్లు అఱచుచు మా వెంట అరమైలు దూరము ఆ చప్పుడును పంపినది. అది పిచ్చుకంత పిట్ట. పచ్చని దేహము, నుదుట కుంకుమబొట్టు. దానిని చూచుట కష్టము, వినకుండుట అంతకన్న కష్టము.

తెల్లవారునప్పటికి ఎఱ్ఱనేలల పొలములలో ప్రవేశించితిమి. ఈ మెట్టప్రాంతము మా తాతల నాటి మెట్ట కాదు. జొన్న, వేరుసెనగ, కంది పండిన చోట నేడు పామాయిలు, కోకో, కొబ్బరి, మొక్కజొన్న, పొగాకు పండుచున్నవి. ఈ మండలములలో పామాయిలు సాగు 1980 దశకపు చివర నారంభమయినది. 1995లో పెదవేగియందు దీనికై జాతీయ పరిశోధన కేంద్రము నెలకొన్నది. ఒకనాడు వేంగీరాజ్యమునకు రాజధానియైన ఊరు నేడు ఆఫ్రికాదేశపు తాళవృక్షమునకు పాఠశాల అయినది. పంట మాఱినప్పుడు దాని వెంట తిరుగు జీవములును మాఱును. జొన్న పోవుటతో గులాబివన్నె గోరువంకల దండయాత్ర కూడ తగ్గినది. ఆ గోరువంకలు మధ్య ఆసియాలోని గడ్డిమైదానముల నుండి శీతకాలమున వచ్చి, చైత్రము నాటికి మరలిపోవును. ఆనాడు మాకు ఒక మోదుగుచెట్టుమీద నూఱింటికి పైగా కనబడినవి. ఆకు ఒక్కటి లేక నిప్పులు పోసినట్లు పూచిన చెట్టు. దానిమీద నల్లని తలలు, గులాబిరంగు వీపులు. పూవులలోని తేనెకై ముక్కులు దూర్చి దూర్చి వాని నొసళ్ళకు పుప్పొడి పసుపువలె అంటుకొనియున్నది. మేనల్లుడు చాలసేపు నిలిచి చూచినాడు. “మామయ్యా, ఇవి మన గింజ తినునవేనా?” అని అడిగినాడు. తినును. తమ దేశమున మిడుతలను తిని అక్కడి రైతుకు మేలు చేయును. మన దేశమున జొన్నకంకిని తినును. ఇందులో న్యాయమేమని అడుగుటకు చోటెక్కడ?

పామాయిలు తోటలో నేలమీద కూరుచుండి ఒక చిన్న వింత చూపితిని. మగపూగుత్తినుండి సోపు వాసనవంటి వాసన వచ్చుచుండును. దగ్గఱకు పోయి చూచిన, నువ్వుగింజంత పురుగులు వేలకు వేలు ముసరియుండును. ఈ ముక్కుపురుగును ఆఫ్రికాలోని కామెరూను దేశమునుండి 1981లో మలేషియా వారు తెచ్చుకొనిరి; 1985లో మన దేశమునకు వచ్చినది. అంతకుముందు మలేషియా తోటలలో కూలివాండ్రు పొడిని చేతులతో చల్లి గెల కట్టించెడివారు. నేడు ఆ కూలి మొత్తమును ఈ పురుగు చేయుచున్నది. పూవు విచ్చు సమయమున అక్కఱలేని పురుగుమందు కొట్టిన రైతు తన జీతములేని కూలివానిని తానే చంపుకొనినవాడగును.

అదే తోటలో ఎలుకల పని కూడ కనబడినది. పండిన గెలలో అడుగుకాయలు గుంటలు పడియున్నవి. చెట్టు మొదట విఱిగిన మట్టల క్రింద క్రొత్తమట్టి తోడియున్నది. కొట్టిన మట్టలను చాళ్ళనడుమ పఱచుట మంచి అలవాటే. తేమ నిలుచును, ఎఱువగును. కాని చెట్టుమొదట కుప్పగా వేసిన అది ఎలుకకు ఇల్లగును. ఒక ముంగిస మమ్ము చూచి, ఆగి, మేము ఏ మాత్రము లెక్కింపదగిన వారము కామని నిశ్చయించుకొని తన త్రోవను పోయినది.

తోట దాటిన తరువాత మొక్కజొన్న చేలు. కంకి పాలుపోసుకొను వేళ. రామచిలుకలు మందలు మందలుగా దిగి, ఒక్కొక్క కంకి కొన ఒలిచి, నాలుగు గింజలు తిని, దానిని విడిచి వేఱొకదానిమీదికి పోవుచున్నవి. ఇంత తిని ఇంత పాఱవేయు పక్షి మఱియొకటి లేదు. 2018లో మన ఆంధ్రప్రదేశ ప్రభుత్వము పాలపిట్టను మాని రామచిలుకను రాష్ట్రపక్షిగా ప్రకటించినది. పాలపిట్ట తెలంగాణమునకు రాష్ట్రపక్షిగా నిలిచినది. ఓటు రైతుల నడిగియుండినచో ఫలిత మెట్లుండెడిదో! పాలపిట్ట ఆ ప్రక్కనే కరెంటు తీగమీద కూరుచుండియున్నది. ఎగిరినప్పుడు దాని రెక్కలలోని నీలి మెఱపు చూచి దసరానాడు నమస్కరించువారము, ఏడాదిపొడుగున అది మన చేలలో మిడుతలను పేడపురుగులను ఏఱుకొని తినుట గమనింపము. జోడుతోక నల్లపిట్టయు అటువంటిదే. దానిని కొందఱు ఏట్రింత అందురు, కొందఱు పసులపోలిగాడు అందురు. మినుము చేలలో ఎకరమునకు ఎనిమిది పది కఱ్ఱలు పాతి అడ్డుపుల్ల కట్టిన, ఈ పిట్టలు వానిమీద కూరుచుండి కాయతొలుచు పురుగును వేటాడును. కఱ్ఱకు ఖర్చు లేదు. చేయువారు తక్కువ.

మొక్కజొన్న చేని చివర అడవిపందుల జాడ కనబడినది. నాలుగు చాళ్ళు త్రొక్కి, నమలి, పడగొట్టినవి. పందివలన నష్టపడిన రైతు కోపము నాకు తెలియును, నేనును పడినవాడనే. కాని ఆ చేని చుట్టును ఒక సన్నని ఇనుపతీగ మోకాటి ఎత్తున లాగియుండుట చూచి నా గుండె జల్లుమనినది. పగలు గనుక అందులో ప్రవాహము లేదు. రాత్రి తిన్నగా కరెంటు తగిలించెదరు కాబోలు. ఆ తీగ పందిని మాత్రమే యెంచి చంపదు. నక్క చచ్చును, నెమలి చచ్చును, తెల్లవారుజామున నీరు పెట్టుటకు పోవు కూలివాడును చచ్చును. ఇట్టి చావులు మన రాష్ట్రమున ఏటేట వినుచునేయున్నాము. ఇది నేరము, వన్యప్రాణి చట్టము 1972 నుండి అమలులోనున్నది, నెమలి 1963 నుండి మన జాతీయపక్షి. నేను చేని యజమాని ఇంటికి పోయి మాటలాడితిని. ఆయన మొదట విసుగుకొని, పిదప తీగ చుట్టివేయుదునన్నాడు. అందఱము వంతులవారీగా కావలి పెట్టుకొన్నచో ఒక్కొక్కరికి నెలలో రెండు మూడు రాత్రులకంటె పడవు. ఒంటరిగా పండించువాడే తీగకు ఆశపడును.

ఎండ ఎక్కుచుండగా ఒక బీడులో తీతువు పిట్టలు రెండు మా తలలమీద తిరుగుచు గగ్గోలు చేసినవి. మేనల్లుని ముఖము చిన్నబోయినది. తీతువు అఱచిన కీడు అని మనవారి నమ్మకము. “ఆగుము, అడుగు కదపకుము, నేలచూడుము” అంటిని. మాకు మూడడుగుల దూరమున, గడ్డిలేని నేలమీద, మట్టిబెడ్డలవలె మచ్చలతో నాలుగు గ్రుడ్లు. మొనలన్నియు లోపలికి త్రిప్పి కుదురుగా అమర్చియున్నవి. గూడు లేదు, నాలుగు గులకరాళ్ళు పేర్చినదే గూడు. పాపము, ఆ పిట్ట కీడు చెప్పుటకు అఱవలేదు; తన గ్రుడ్లు త్రొక్కవద్దని అఱచినది. ట్రాక్టరు దున్నునప్పుడు ఆ చప్పుడు వినబడిన చోట ఒక పుల్ల పాతి, ఒక మూర నేల విడిచిపోయిన చాలును. గ్రుడ్లు పిల్లలగుటకు నెల కూడ పట్టదు, పిల్లలు పుట్టిననాడే నడచిపోవును.

ఇక మా పొలము. తాటిమోడు చుట్టును జిల్లేళ్ళు పెరిగియున్నవి. మేనల్లుడు పొడవైన కఱ్ఱ ఒకటి చేతబట్టి దూరముగా నిలిచినాడు. నేను మోడు మొదట వంగి వెదకగా నాకు కావలసినది దొరకినది: బొటనవ్రేలంత లావున నల్లని ఉండలు, వెండ్రుకలతో పెనవేసినవి, ఎండి నిగనిగలాడుచున్నవి. ఒకదానిని చేతిలో విప్పితిని. లోపల సన్నని యెముకలు, పసుపుపచ్చని పండ్లతో ఒక ఎలుక పుఱ్ఱె. మేనల్లుడు కఱ్ఱ క్రిందపెట్టి దగ్గఱకు వచ్చినాడు. ఇద్దఱము కలిసి అయిదు ఉండలు విప్పితిమి. తొమ్మిది పుఱ్ఱెలు తేలినవి. వానిలో ఒక్కటి చుంచుది, మిగిలినవన్నియు ఎలుకలవి.

ఆ మోడులోనిది పాము కాదు, తెల్లగుడ్లగూబ. హృదయాకారమున తెల్లని ముఖముండును. చప్పుడు లేకుండ ఎగురును. ఎలుకను సమూచముగా మ్రింగి, అఱగని వెండ్రుకలను ఎముకలను ఇట్లు ఉండచేసి కక్కివేయును. దాని పిల్లలు ఆకలికి చేయు ధ్వని అచ్చముగా పాము బుసవలె నుండును. శత్రువులు దూరమున నుండుటకు అది వానికి కోటగోడ. పాలేరు విన్న బుస ఆ పిల్లలది. చీకటి పడిన తరువాత తల్లిదండ్రులు ఎడతెగక ఎలుకలను తెచ్చిపోయుచునే యుండును.

ఇప్పుడు నేను సమావేశమున నోరు మెదపకుండుటకు కారణము. నాలుగేండ్ల క్రిందట ఇదే పొలమున మొక్కజొన్న వేసితిని. ఎలుకలు మితిమీఱినవి. ప్రక్కవారితో చెప్పకయే, ఒక్కడనే అంగడినుండి బ్రోమాడయొలోన్ బిళ్ళలు తెచ్చి పొలమంతట చల్లితిని. ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు. నాలుగైదు దినములు, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువ, మందకొడిగా తిరుగుచు, పగలును బయట కనబడుచు, చివరకు లోపల రక్తము కారి చచ్చును. ఆ లోపల దానిని పట్టుట గుడ్లగూబకు అత్యంత సులభము. పది దినముల పిమ్మట వేపచెట్టు క్రింద రెండు తెల్లగుడ్లగూబలు రెక్కలు చాచి పడియుండుట చూచితిని. ఒకదాని ముక్కున రక్తము. ఎవ్వరికిని చెప్పక గోయి తీసి పాతిపెట్టితిని. ఎలుకలు తగ్గెనా? ఒక నెల తగ్గినవి. తరువాత ప్రక్క చేలనుండి వచ్చి ఖాళీ కన్నములలో కాపురము పెట్టినవి. ఆ సంవత్సరము, మఱుసటి సంవత్సరము కూడ వానిని తినుటకు మోడులో ఎవ్వరును లేరు. ఈ కథ మేనల్లునికి నేను అదే మొదటిసారి చెప్పుట.

మందు వద్దేవద్దని నేననను. కాని పందికొక్కు జాతి ఎలుక చూలు మోయునది మూడు వారములకు కొంచె మెక్కువ మాత్రమే. ఈతకు ఆఱు, ఎనిమిది పిల్లలు. దానికి సర్వే రాళ్ళు తెలియవు, పట్టాదారు పుస్తకము తెలియదు. ఒకరు చంపి ఒకరు మానిన, చంపినవాని సొమ్మే వ్యర్థము. చేసిన, ఆయకట్టు అంతయు ఒకేనాడు చేయవలెను. ముందురోజు సాయంకాలము కన్నములన్నియు మట్టితో మూయవలెను. మఱునాడు తెఱచియున్నవే ఎలుకలున్న కన్నములు. వానిలోనే ఎఱ పెట్టి మరల మూయవలెను, బయట చల్లరాదు. చచ్చిన ఎలుకలను ఏఱి పాతిపెట్టవలెను. వరిలోనైన ఇది పొట్టకు రాకముందే ముగియవలెను. పొట్టకు వచ్చిన పిదప ఎలుకకు మన ఎఱకన్న మన పైరే రుచి. అప్పుడు పనికివచ్చునది బుట్ట. డెల్టాలో ఎలుకల బుట్టలు పెట్టుటయే వృత్తిగాగల యానాదులు కలరు. వారి నేర్పునకు సంఘము సొమ్ము చెల్లించిన, అది మందు డబ్బాకన్న దండుగ కాదు. గట్లు సన్నముగా, పొట్టిగా వేసుకొన్న కన్నములకే చోటు చిక్కదు. ఇక మలేషియాలోని పామాయిలు తోటలవారు ఇంచుమించు 25 ఎకరములకు ఒక చెక్కపెట్టె చొప్పున స్తంభములమీద నిలిపి గుడ్లగూబలకు ఇల్లు కట్టి యిచ్చుచున్నారు. మనకు దేవుడు తాటిమోడు ఊరకే యిచ్చినాడు.

పొలము దాటి వచ్చుచుండగా గట్టుమీద నిజముగానే పాము కనబడినది. ఆఱడుగుల జెఱ్ఱిపోతు, ఎండ కాగుచున్నది. ఇది నాగుపాముతో జతకట్టుననియు, తోకతో కొట్టుననియు చెప్పుదురు. రెండును అబద్ధములే. దీనికి విషము లేదు. ఇది ఎలుక కన్నములో దూఱి పిల్లలను సైతము మ్రింగును. మేనల్లుని చేతిలో కఱ్ఱ యున్నది, ఎత్తలేదు. అయితే మన పొలములలో రక్తపింజరయు కట్లపామును కూడ కలవు గనుక చీకటిలో చెప్పులు, దీపము లేక గట్టెక్కరాదు; కఱచిన, మంత్రగాని యొద్ద కాలము పోగొట్టక తిన్నగా ఆసుపత్రికి పోవలెను. పాముల మాట వచ్చినది గనుక సంఘీయులకు ఒక సంగతి: మద్రాసు సమీపమున ఇరుళులు పూర్వము పాములను చంపి చర్మములు అమ్ముకొని బ్రతికెడివారు; చట్టము దానిని ఆపగా, 1978లో సహకార సంఘముగా నేర్పడి, పామును పట్టి విషము పిండి మరల అడవిలో విడుచుచున్నారు. పాముకాటు మందునకు ఆ విషమే మూలము.

మధ్యాహ్నమునకు బస్సులో భీమడోలు దిగితిమి. ద్వారకా తిరుమలనుండి అది సుమారు పదునేడు కిలోమీటర్లు. రైలుమార్గమును, పెద్దరోడ్డును, గోదావరి నీటిని తెచ్చు ఏలూరు కాలువను దాటగానే నేల రంగు మాఱును. ఎఱుపు పోయి నలుపు, తోటలు పోయి వరి. మెట్టవానికి అది పరదేశము. దాళ్వా అప్పుడే పొట్టదశకు వచ్చుచున్నది. చేలలో తెల్లకొంగలు బారులు తీర్చియున్నవి. వానినడుమ బూడిదవన్నె పెద్దకొంగలు కొన్ని. ముక్కు మూసినను నడుమ సందు కనబడును. అవి నత్తగుల్లలను ఒలుచుకొని తినుటకు ఏర్పడిన ముక్కులు. లేత వరిని నత్తలు కొఱికిన రైతునకు ఈ కొంగ బంధువు.

అక్కడినుండి ఆగడాలలంక త్రోవను నడచితిమి. ఈ కొల్లేఱు కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లమున నిలిచిన మంచినీటి సరస్సు. బుడమేఱు, తమ్మిలేఱు, రామిలేఱు దీనిలోనికి నీరు తెచ్చును. ఉప్పుటేఱు దీని నీటిని సముద్రమునకు కొనిపోవును. మా చిన్నతనమున గట్టున నిలిచిన కనుచూపు మేర నీరు, రెల్లు, తామర కనబడెడివి. ఇప్పుడు గట్లు, గట్లు, గట్లు. 1970 దశకమున మత్స్యకారుల సహకార సంఘములకు ప్రభుత్వమే చేపలచెఱువులు త్రవ్వించి యిచ్చినది. సంఘము పేర నున్న చెఱువులు క్రమముగా ధనవంతుల కౌలు క్రిందికి పోయినవి. సభ్యుడు తన చెఱువు గట్టున కూలివాడయినాడు. సహకార పత్రికలో ఈ మాట వ్రాయుట కష్టముగానున్నది గాని వ్రాయకుండుట ఇంకను కష్టము. 1999లో అయిదవ కాంటూరు వఱకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో కొల్లేఱు రాంసారు ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల పట్టికలో చేరినది. 2006లో లోపలి చెఱువుల గట్లను పెద్దయెత్తున తెగగొట్టిరి. నాడు కూలి పోయినవారి దుఃఖమును, నేడు నీరు పోవు దారి లేక ముంపునకు గురియగు రైతుల దుఃఖమును నేను రెండును విన్నవాడను.

గట్టుమీద నిలిచి చూడగా నీలిబొల్లికోళ్ళు గుఱ్ఱపుడెక్క ఆకులమీద ఎఱ్ఱని కాళ్ళతో నడచుచున్నవి. నీటికాకులు రెక్కలు చాచి ఆఱవేసికొనుచున్నవి. పరజలు దూరమున నీటిమీద నల్లని చాపవలె తేలియాడుచు, పడవ దగ్గఱకు రాగానే ఒక్కపెట్టున లేచినవి. వానిలో సూదితోక బాతులు ఉత్తరదేశముల నుండి వచ్చినవి; ఇంకొక పక్షము మాసములో పోవును. ఆ వెనుక గూడబాతులు ఇరువది వఱకు, గడ్డము క్రింద సంచితో, ఒక బారుగా ఈదుచు చేపను గుమికూర్చుచున్నవి. కైకలూరు వైపున ఆటపాక చెఱువులో వీనికి చెట్లు చాలక ఇనుప మంచెలు నిలిపిరి. వానిమీదనే గూళ్ళు కట్టి పిల్లలను లేపుచున్నవి.

చెఱువుల మీద తీగలు, వలలు కట్టియున్నవి. చిక్కుకొన్న కొంగ ఒకటి తలక్రిందులుగా వ్రేలాడుచుండెను. చచ్చి రెండు రోజులయి యుండును. కావలివాడు దానిని తీసివేయలేదు, మిగిలినవి భయపడునని. అతని పక్షమును కూడ వినవలెను. గూడబాతుల మంద దిగిన చెఱువు ఉదయమునకు పిల్లచేప లేక పోవును. నష్టము కౌలుదారుడు భరించును, ఏ ప్రభుత్వమును భరింపదు.

ఇచ్చట మేనల్లునికి ఆరేడు కథ చెప్పితిని. ఆరేడు ఈ పశ్చిమ గోదావరి పల్లములోని ఊరు. 1946లో కె. కె. నీలకంఠన్ అను కేరళీయుడు, పిదప ఇందుచూడన్ అను పేర మలయాళమున పక్షిశాస్త్ర రచయితగా ప్రసిద్ధుడైనవాడు, ఆ ఊరి చెట్లమీద గూడబాతులు గుంపుగా గూళ్ళు కట్టి పిల్లలను పెంచుట చూచి, 1949లో బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘపు పత్రికలో ప్రకటించెను. దక్షిణదేశమున గూడబాతులు పిల్లలను పెట్టు నెలవులు అరుదైన కాలమది. తరువాతి దశాబ్దములలో ఆ నెలవు క్షీణించినది. కాని వేఱు చోట్ల ఊరివారు పక్షులను నిలుపుకొనిరి. గుంటూరు చెంత ఉప్పలపాడువారు ఊరి చెఱువును వానికి విడిచిరి. ఒకప్పటి నెల్లూరు మండలమున నేలపట్టు చెఱువులోని కడపచెట్లమీద గూడబాతులు నేటికిని పిల్లలను పెట్టుచున్నవి. వాని రెట్ట కలిసిన చెఱువునీరు పైరునకు ఎఱువు. తమిళదేశమున వేడంతాంగల్ రైతులు ఈ లాభమును ఎంత ముందు కనిపెట్టిరనగా, తమ చెఱువు పక్షులను వేటగాండ్రు కాల్చకుండ 1798లోనే కలెక్టరు నుండి ఉత్తరువు పొందిరి.

“అయితే మామయ్యా, అది నీరు పాఱించుకొను చెఱువు, ఇది చేపలచెఱువు. ఆ లాభము వీరికేది?” అని మేనల్లుడు అడిగినాడు. సరియైన ప్రశ్నయే. నాయొద్ద పూర్తి జవాబు లేదు. పిల్లచేప విడిచిన తొలి వారములలో మాత్రము కావలి హెచ్చించి, వల వేసిన దగ్గఱి కన్నులది బిగువుగా వేసి, రోజు రోజు చిక్కినవానిని విడిపించిన చావులు తగ్గును. ఆ కావలి ఖర్చు చెఱువులవారు కలిసి పంచుకొనవలెను. అంతవఱకే చెప్పగలిగితిని.

మరల భీమడోలు వచ్చి బస్సెక్కి, మా పొలము చేరునప్పటికి సంధ్య దాటినది. ఇద్దఱము జిల్లేళ్ళ చాటున కూరుచుంటిమి. మోడులో బుస మొదలయినది. ఒకటి కాదు, మూడో నాలుగో గొంతులు. కొంచెముసేపటికి తెల్లనిదేదో పామాయిలు తోట మీదుగా, గాలి కదలినంత చప్పుడైనను లేక వచ్చి, మోడు తలమీద వ్రాలినది. కాలిలో ఎలుక. బుసలు పెచ్చుపెరిగి, ఒక్కసారి ఆగిపోయినవి. అది మరల ఎగిరిపోయినది. ఆ గడియలో మూడుమారులు వచ్చినది. మేనల్లుడు ప్రతిమారు వ్రేలు మడచి లెక్కించినాడు.

ఇంటికి నడచుచు చాలసేపు మాటలాడలేదు. వీధిమొగకు వచ్చిన తరువాత, “మామయ్యా, ఈ పిల్లలు ఎగురుటకు ఎన్నాళ్ళు పట్టును?” అన్నాడు.

“రెండు నెలలు.”

“ఇటుకబట్టీవాడు బయానా ఇచ్చినాడే” అన్నాడు. మఱి నాలుగడుగులు వేసి, “వైశాఖము వెళ్ళిన పిమ్మట రమ్మందును. అప్పటికి అతనికి వేఱొక మోడు దొరకక పోవునా” అన్నాడు.